తొక్కినా బండి లేవట్లేదా? యాక్సిలరేటర్ పెడల్ కొనేముందు ఇవి చెక్ చేసుకోండి

వారానికి ఒకరైనా అడిగే ప్రశ్న ఇది. "బాగా నడుస్తున్న బండి ఉన్నట్టుండి పికప్ ఆగిపోయింది. ఎంత తొక్కినా ఇంజిన్ 1,200 ఆర్‌పీఎం దాటట్లేదు. చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. పక్కకు తీసి ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు నడిచింది. షెడ్డులో స్కానర్ పెట్టి, పెడల్ సెన్సర్ పోయింది, మొత్తం పెడల్ మార్చాలి అన్నారు. మార్చేయమంటారా?"

అప్పుడే వద్దు. ఏ సర్క్యూట్‌లో తేడా వచ్చిందో అంతవరకే స్కానర్ చెబుతుంది. ఆ సర్క్యూట్‌లో పెడల్‌తో పాటు ఆరు వైర్లు, వాటిని పెడల్‌కు కలిపే ప్లగ్గు లాంటి ఒక కప్లర్, దాని పిన్నులు, అవతల ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) కూడా ఉన్నాయి. నేను చూసిన బండ్లలో పెడల్ కంటే కప్లర్ దగ్గరే ఎక్కువసార్లు తప్పు దొరికింది. గంటన్నర టైమ్, ఒక మామూలు మల్టీమీటర్ ఉంటే చాలావరకు ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చు.

పని జరిగే తీరు రెండు ముక్కల్లో చెప్తాను. ఇప్పటి బండ్లలో యాక్సిలరేటర్‌కు కేబుల్ లేదు. పెడల్ లోపల రెండు సెన్సర్లు ఉంటాయి. కాలు ఎంత నొక్కిందో రెండూ విడివిడిగా వోల్టేజీ రూపంలో ఈసీఎంకు చెబుతాయి, ఒకే సంఘటనకు ఇద్దరు సాక్షుల్లాగా. ఇద్దరి మాటా కలిసినంతసేపు బండి మామూలుగా నడుస్తుంది. కలవని క్షణాన ఈసీఎం ఎవరినీ నమ్మదు. పికప్ తగ్గించేసి, లేదా ఐడిల్‌కు కాస్త పైన ఇంజిన్‌ను కట్టేసి లింప్ మోడ్‌లోకి వెళ్తుంది. థియరీ ఇంతే.

ఇప్పుడు రోడ్డు మీదే ఉన్నారా?

హజార్డ్ లైట్లు వేసి, ఉన్న వేగంతోనే ఎడమ పక్కకు తీయండి. ఇంజిన్ ఆపి, తాళం తీసి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ స్టార్ట్ చేయండి. చాలాసార్లు పికప్ తిరిగొస్తుంది. వచ్చింది కదా అని హైవే ఎక్కి 100లో వెళ్ళకండి. ఓవర్‌టేక్ మధ్యలో మళ్ళీ చేతులెత్తేస్తే పరిస్థితి ఏమిటో ఆలోచించుకోండి. ఎడమ లేన్‌లో నెమ్మదిగా దగ్గర్లోని పెట్రోల్ బంకు దాకా వెళ్తే చాలు.

కావలసినవి

డిజిటల్ మల్టీమీటర్. ఖరీదైనది అక్కర్లేదు, 20 వోల్ట్‌ల డీసీ రేంజ్ ఉంటే సరిపోతుంది. పాత ముల్లు మీటర్ ఇంట్లో మూలన పడి ఉంటే దాన్నీ దులిపి తెచ్చుకోండి, ఒకచోట అదే బాగా పనికొస్తుంది.

ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారులోని స్కానర్ సాకెట్‌కు తగిలించేది), ఫోన్‌లో లైవ్ డేటా చూపించే యాప్. 2013 తర్వాత మన దేశంలో అమ్మిన కార్లలో దాదాపు అన్నిటికీ ఇది పనిచేస్తుంది.

నాలుగైదు గుండుసూదులు, టార్చి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, 10 నంబర్ సాకెట్ స్పానర్, పెన్ను, కాగితం. చివరి రెండిటినీ తేలిగ్గా తీసుకోకండి. రాసుకోని రీడింగ్ పది నిమిషాల తర్వాత గుర్తుండదు.

వీలైతే పక్కన ఇంకొకరు ఉండాలి. మీరు డ్యాష్‌బోర్డ్ కింద తల పెట్టి ఉంటారు కాబట్టి పెడల్ నొక్కడానికి చెయ్యో, స్క్రీన్ చూడటానికి కళ్ళో కావాలి.

మొదలుపెట్టే ముందు నాలుగు జాగ్రత్తలు

హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. పెడల్ వోల్టేజీ, గ్రాఫ్ టెస్టులన్నీ తాళం ఆన్‌లో, ఇంజిన్ ఆఫ్‌లోనే. ఇంజిన్ నడుస్తుండగా పెడల్ వైర్ల దగ్గర చెయ్యి పెట్టొద్దు.

డ్యాష్‌బోర్డ్ కింద పసుపు కప్లర్లు, పసుపు తొడుగున్న వైర్లు కనబడితే అవి ఎయిర్‌బ్యాగ్‌వి. వాటి జోలికి వెళ్ళొద్దు.

బల్బు పెట్టి చూసే టెస్టర్ ఈ వైర్లకు వాడొద్దు. హెడ్‌లైట్ వైరింగ్‌కు అది బాగుంటుంది, సెన్సర్ లైన్ మీద పెడితే ఈసీఎంకే ఎసరు పెట్టొచ్చు.

మీటర్ ఎర్ర వైరు ఆంపియర్ సాకెట్‌లో ఉందేమో చూసుకోండి. ఈ ఒక్క తప్పుతో ఫ్యూజులు కాల్చుకున్నవాళ్ళు చాలామంది, నాతో సహా.

1. ముందు చేత్తో, కంటితో చూడండి

స్కానర్ కంటే ముందు ఫ్లోర్ మ్యాట్ చూడండి. నవ్వులాట కాదు. బయట వేయించే మందపాటి 7డీ మ్యాట్లు పెడల్ కిందికి జరిగితే పూర్తిగా తొక్కినా సగమే దిగుతుంది. "బండి లాగట్లేదు" అంటూ వచ్చిన కేసుల్లో మ్యాట్ తీయగానే తేలిపోయినవి ఉన్నాయి. అంచు పెడల్ మీదికి లేస్తే కాలు తీసినా పెడల్ వెనక్కి రాదు, అది ఇంకా ప్రమాదం. 2009, 2010లో టయోటా అమెరికాలో లక్షల కార్లను వెనక్కి పిలిచినప్పుడు ఒక పెద్ద కారణం పెడల్‌కు మ్యాట్ అడ్డుపడటమే.

మ్యాట్ తీసేసి పెడల్‌ను చేత్తో చివరిదాకా నొక్కి వదలండి. పట్టేయకుండా, గరగరలాడకుండా, ఒక్క ఊపున వెనక్కి రావాలి.

పెడల్‌కు, కప్లర్‌కు మధ్య ఎవరైనా డబ్బా తగిలించారేమో చూడండి. పికప్ పెంచుతామని అమ్మే పెడల్ బూస్టర్లు సరిగ్గా ఇక్కడే కూర్చుంటాయి. ఉంటే తీసి పక్కన పెట్టి, కంపెనీ కప్లర్‌ను నేరుగా పెడల్‌కు తగిలించి రెండు రోజులు నడిపి చూడండి. పసుపు ప్లేటు ట్యాక్సీ అయితే స్పీడ్ గవర్నర్ కూడా చాలా బండ్లలో ఈ వైర్ల మధ్యే ఉంటుంది. అది చట్టప్రకారం ఉండాల్సింది కాబట్టి కోసి పారేయొద్దు. దాన్ని తప్పించి టెస్టు మాత్రం చేసి, తప్పు అక్కడే అని తేలితే బిగించినవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి.

2. బ్యాటరీ

ఇంజిన్ ఆఫ్‌లో టెర్మినళ్ళ మీద 12.4 వోల్ట్‌లకు తగ్గకూడదు. స్టార్ట్ చేసే క్షణంలో 10 కిందికి జారిపోతుంటే ముందు బ్యాటరీ సంగతి చూడండి. నీరసించిన బ్యాటరీ, వదులుగా ఉన్న టెర్మినల్ సంబంధం లేని సెన్సర్ల మీద నేరం మోపుతాయి. బోల్ట్ చేత్తో కదిలితే బిగించి, ఈసీఎంలో నమోదైన తప్పు కోడ్‌ను (3వ అంచెలో చెప్పినట్టు ముందు రాసుకుని) తుడిచి, మళ్ళీ వస్తుందేమో చూశాకే ముందుకెళ్ళండి.

3. కోడ్లు చదవండి, తుడిచేముందు రాసుకోండి

అందరూ తొందరపడేది ఇక్కడే. కోడ్ కనబడగానే క్లియర్ నొక్కేస్తారు. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. తప్పు పట్టుకున్న క్షణంలో బండి ఎంత వేగంలో ఉంది, ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఆర్‌పీఎం ఎంత అనే వివరాలు అందులోనే ఉంటాయి. ఫొటో తీసుకోండి.

పెడల్‌లోని మొదటి సెన్సర్‌ను కోడ్లలో డీ (D) అనీ, రెండోదాన్ని ఈ (E) అనీ అంటారు. తరచూ కనబడేవి ఇవి:

పి2122: డీ సిగ్నల్ మరీ తక్కువ. పి2123: డీ సిగ్నల్ మరీ ఎక్కువ.
పి2127: ఈ (E) సిగ్నల్ మరీ తక్కువ. పి2128: ఈ (E) సిగ్నల్ మరీ ఎక్కువ.
పి2121, పి2126: వోల్టేజీ హద్దుల్లోనే ఉన్నా నడక సరిగ్గా లేదు.
పి2138: డీ (D), ఈ (E) రెండిటి మాటా కలవట్లేదు.
పి0641, పి0651: సెన్సర్లకు వెళ్ళే 5 వోల్ట్‌ల సరఫరాలో తేడా.

పి2135కూ పి2138కీ తేడా గుర్తుపెట్టుకోండి. పి2135 అంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీలో ఉన్న రెండు సెన్సర్లు కలవట్లేదని. పి2138 అయితే కాలి దగ్గరి పెడల్. ఒక్క అంకె తప్పు చదివి థ్రాటిల్ బాడీ మార్చేసిన బిల్లులు నేను చూశాను.

పి0641 లాంటివి కూడా ఉంటే ముందు వాటి సంగతి. కరెంటే అందకపోతే సెన్సర్ ఏం చెబుతుంది?

4. లైవ్ డేటాలో పెడల్ నడక చూడండి

తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. యాప్‌లో యాక్సిలరేటర్ పెడల్ పొజిషన్ D, E రెండిటినే గ్రాఫ్‌లో పెట్టండి. మిగతావన్నీ తీసేయండి. చవక అడాప్టర్ ఒకేసారి పది రీడింగులు అడిగితే ఒక్కోదాన్ని సెకనుకు ఒకసారి కూడా చూపించలేదు.

మనసులో పది లెక్కపెడుతూ పెడల్‌ను చివరిదాకా నొక్కండి, మళ్ళీ పది లెక్కపెడుతూ వదలండి. గీతలు రెండూ మెట్లు, గుంటలు లేకుండా ఎక్కి దిగాలి.

కాలు తీసేసినా డీ 15 శాతం చూపిస్తోందని కంగారు పడేవాళ్ళు ఎక్కువ. అది మామూలే. యాప్ చూపించే అంకె చాలా బండ్లలో 5 వోల్ట్‌లలో శాతం. కాలు పెట్టనప్పుడు సెన్సర్ సుమారు 0.75 వోల్ట్ పంపుతుంది, అంటే 15 శాతం. రెండోది 7, 8 శాతం దగ్గర ఉంటుంది. పూర్తిగా తొక్కినా 100 రాదు, డీ 75 నుంచి 85 మధ్య ఆగిపోవచ్చు. సున్నా, 100 రెండూ సెన్సర్‌కు నిషిద్ధ ప్రాంతాలు. అక్కడికి చేరితే వైరు తెగిందనో, షార్ట్ అయిందనో ఈసీఎం అర్థం చేసుకుంటుంది.

గ్రాఫ్ నున్నగా ఉందని పెడల్‌కు క్లీన్ చిట్ ఇచ్చేయకండి. వెయ్యో వంతు సెకన్లలో వచ్చిపోయే కుదుపు బ్లూటూత్ అడాప్టర్‌కు చిక్కదు, ఈసీఎంకు చిక్కుతుంది. దొరికితే దొరికినట్టే, దొరక్కపోతే ఇంకా వెతకాలి.

5. ఊపి చూడండి

గ్రాఫ్ నడుస్తుండగానే, పెడల్ ముట్టుకోకుండా, కప్లర్ దగ్గరి వైర్ల కట్టను మెల్లగా అటూ ఇటూ ఊపండి, కొంచెం లాగండి, పైకి నొక్కండి. ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ మన కాళ్ళకూ మధ్య ఉండే రేకు గోడ) వైపు వెళ్ళే దారి పొడవునా ఇలాగే చేయండి. పెడల్ కదలకుండా గీత కదిలిందా? మీ దొంగ ఆ చేతి కిందే ఉన్నాడు.

మా బావగారి కారు కథ ఇక్కడ చెప్పాలి. విజయవాడ వెళ్తూ సూర్యాపేట దాటాక ఫోన్ చేశారు. "ఏమయ్యా, ఎంత తొక్కినా బండి పెళ్ళినడకే నడుస్తోంది." అప్పటికే ఒకచోట థ్రాటిల్ బాడీ మార్చారు, మరోచోట పెడల్ మార్చాలన్నారు. పెట్రోల్ బండి, కోడ్ పి2127 ఒక్కటే. ఇంటికి తెచ్చాక ఊపితే మూడోసారికి రెండో సెన్సర్ గీత నేలకు పడింది. వైర్లను ఎడమకు లాగితే సున్నా, వదిలితే మామూలు. కప్లర్ తీసి టార్చి వేస్తే ఆరు రంధ్రాల్లో అయిదు ఒకేలా ఉన్నాయి, ఒకటి మాత్రం కాస్త నోరు తెరుచుకుని ఉంది. లోపలి టెర్మినల్ రేకు విచ్చుకుపోయింది. పక్కన సన్నగా పచ్చటి చిలుము. కార్పెట్ నొక్కితే తడి. ఏసీ నీళ్ళు బయటికి వెళ్ళే పైపు మట్టితో పూడుకుపోయి, నీళ్ళు లోపలికి కారి ఎప్పటినుంచో అక్కడ తేమ ఉంటోంది. "బావగారూ, ఏసీ పైపు శుభ్రం చేయించి ఎన్నాళ్ళైంది?" అంటే, "దానికీ దీనికీ సంబంధమేంటయ్యా?" అన్నారు. కొత్త టెర్మినల్ ఒకటి క్రింప్ చేసి, పైపులో మట్టి తీశాక మళ్ళీ ఆ కోడ్ రాలేదు.

6. కప్లర్ విప్పి చూడండి

తాళం ఆఫ్ చేసి రెండు నిమిషాలు ఆగాకే విప్పండి. ఆన్‌లో లాగితే కొత్త కోడ్లు పుట్టి అయోమయం పెరుగుతుంది. లాక్ నొక్కి కప్లర్‌ను పట్టుకుని లాగాలి, వైర్లను పట్టుకుని కాదు.

తేమ, చిలుము, నల్లబడిన పిన్ను, వంగిన పిన్ను, వెనక్కి జారిపోయిన టెర్మినల్, రబ్బరు సీలు చిరుగు. వీటికోసం చూడండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో చిలుము త్వరగా పడుతుంది. ఎలుకలున్న పార్కింగ్‌లో వైరు తొడుగు కొరికిన గుర్తులు వెతకండి. అవి చాలాసార్లు ఇన్సులేషన్ మాత్రమే కొరికి రాగిని వదిలేస్తాయి, కాబట్టి వైరు తెగకపోయినా తడి తగిలినప్పుడు షార్ట్ అవుతుంది.

పిన్ను పట్టు చూడటానికి అదే మందం ఉన్న విడి పిన్ను ఒక్కో రంధ్రంలో పెట్టి బయటికి లాగండి. అన్నిట్లోనూ ఒకే బిగువు తగలాలి. ఒకదాంట్లో జారిపోతే అదే. దొరికిందేదో మేకు, మందపాటి సూది దూర్చి చూడకండి. బాగున్న టెర్మినల్ కూడా విచ్చుకుంటుంది.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పదిహేను నిమిషాలు ఆరనిచ్చి తగిలించండి. డబ్ల్యూడీ-40 లాంటి జిడ్డు స్ప్రేలు వద్దు. ఉప్పుకాగితంతో గీకడం అసలే వద్దు, పూత పోతే చిలుము ఇంకా త్వరగా పడుతుంది.

7. సరఫరా, ఎర్త్ కొలవండి

కప్లర్ తగిలించే ఉంచండి. గుండుసూదిని కప్లర్ వెనక నుంచి వైరు పక్కగా, సీలు అంచున లోపలి లోహం తగిలేదాకా జార్చండి. వైరు తొడుగును గుచ్చొద్దు. ఆ చిన్న రంధ్రంలోంచి నీళ్ళు దూరి ఆరు నెలల తర్వాత అదే కొత్త జబ్బు అవుతుంది. రెండు సూదులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి.

నల్ల ప్రోబ్‌ను రంగు లేని బాడీ బోల్ట్‌కు పెట్టి, తాళం ఆన్ చేసి ఆరు వైర్లూ వరసగా కొలవండి. వైరింగ్ డయాగ్రమ్ లేకపోయినా ఏది ఏదో తెలిసిపోతుంది. పెడల్ నొక్కినా 5 దగ్గరే కదలకుండా ఉండే రెండూ సరఫరా. సున్నా దగ్గర ఉండే రెండూ ఎర్త్. పెడల్‌తో పాటు కదిలే రెండూ సిగ్నళ్ళు. తెగిపోయిన సిగ్నల్ ఎటూ కదలదు కాబట్టి లెక్కలో ఒకటి తగ్గితే అదీ ఒక ఆధారమే.

సరఫరా 4.9 నుంచి 5.1 మధ్య ఉండాలి. ఎర్త్ వైర్ల మీద 0.05 వోల్ట్‌కు మించకూడదు. 0.1 దాటితే ఎర్త్ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. అప్పుడు సిగ్నల్ కూడా అంత మేర తప్పుతుంది, చూసేవాళ్ళకు సెన్సర్ పోయినట్టు కనిపిస్తుంది.

5 వోల్ట్‌లు రాకపోతే వెంటనే ఈసీఎంను అనుమానించకండి. కొన్ని బండ్లలో అదే లైన్ ఇతర సెన్సర్లకూ వెళ్తుంది. ఇంజిన్ వైపు ఏదో ఒకటి షార్ట్ అయితే మొత్తం లైన్ పడిపోతుంది. ఒక్కో సెన్సర్ కప్లర్ విప్పుతూ మీటర్ చూడండి. ఏది విప్పగానే 5 తిరిగొచ్చిందో తప్పు అక్కడుంది.

ఇంకో తిరకాసు. కప్లర్ విప్పి కొలిస్తే కొన్ని బండ్లలో సిగ్నల్ పిన్ను మీద కూడా దాదాపు 5 వోల్ట్‌లు కనిపిస్తాయి. అది ఈసీఎం లోపలి ఏర్పాటు, షార్ట్ కాదు. అందుకే తగిలించి కొలవమన్నాను.

8. రెండు సిగ్నళ్ళనీ పక్కపక్కన పెట్టండి

అసలు తీర్పు ఇక్కడే. పెడల్‌ను అయిదు స్థానాల్లో ఆపి రెండిటి వోల్టేజీ రాసుకోండి. రెండో సిగ్నల్ మొదటిదాంట్లో సగం ఉండే రకం చాలా బండ్లలో ఉంటుంది. బాగున్న పెడల్ సుమారు ఇలా ఉంటుంది (ముందు మొదటి సిగ్నల్, తర్వాత రెండోది, వోల్ట్‌లలో):

కాలు తీసినప్పుడు 0.75, 0.38
పావు వంతు 1.50, 0.75
సగం 2.40, 1.20
ముప్పావు 3.20, 1.60
పూర్తిగా 3.90, 1.95

అంకెలు బండిని బట్టి మారతాయి, ఆ సగం లెక్క మాత్రం చెడకూడదు. సగం దగ్గర 2.40కి 0.95 వచ్చి, మిగతాచోట్ల సరిపోతే పెడల్ లోపల సెన్సర్ రాసుకుంటూ తిరిగే ట్రాక్ (ట్రాక్ ఉన్న రకంలో) ఆ ఒక్కచోట అరిగిందన్నమాట. రోజూ ఒకే వేగంలో నడిపేవాళ్ళ పెడల్ అదే చోట అరగడం మామూలే.

సగం లెక్క కుదరకపోతే పెడల్ పోయిందని అప్పుడే తేల్చేయకండి. టయోటా బండ్లలో రెండో సిగ్నల్ మొదటిదానికంటే సుమారు 0.8 వోల్ట్ ఎక్కువగా ఉంటూ సమాంతరంగా నడుస్తుంది. కొన్ని బండ్లలో ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది. మీ బండి ఏ రకమో మొదటి రెండు స్థానాల్లోనే తెలుస్తుంది. అదే సంబంధం చివరిదాకా నిలబడాలి.

డిజిటల్ మీటర్ అంకెలు మారేలోపు చిన్న గుంట దాటిపోతుంది. ముల్లు మీటర్ పనికొచ్చేది ఇక్కడే. పెడల్‌ను నెమ్మదిగా నొక్కుతుంటే ముల్లు ఒకచోట ఉలిక్కిపడితే కంటికి ఇట్టే తెలుస్తుంది. ముల్లు మీటర్ లేకపోతే డిజిటల్‌లో అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగులను పట్టి ఉంచే మిన్ మ్యాక్స్ బటన్ వాడండి. ఓసిల్లోస్కోప్ ఉన్నవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

ఓమ్స్‌లో పెట్టి పెడల్‌ను కొలవమని చెప్పే సలహా ఇంకా తిరుగుతోంది. అరిగే ట్రాక్ ఉన్న పాత రకానికి అది చెల్లుతుంది. ఇప్పటి చాలా పెడళ్ళలో అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లు ఉంటాయి. వాటిలో చిన్న ఐసీ ఉంటుంది కాబట్టి ఓమ్స్ రీడింగ్‌కు అర్థం లేదు.

9. పెడల్ పంపింది ఈసీఎంకు చేరిందా?

పెడల్ దగ్గర మీటర్ 2.40 చూపిస్తున్నప్పుడు యాప్‌లో డీ ఎంతుందో చూడండి. శాతంలో ఉంటే 5తో గుణించి 100తో భాగించండి. 48 శాతం అంటే 2.40. అక్కడ 38 మాత్రమే ఉంటే దారిలో ఎక్కడో నష్టపోతున్నట్టే, పెడల్ తప్పు లేదు. కొన్ని యాప్‌లు, కొన్ని బండ్లు సున్నా నుంచి 100కి సర్ది చూపిస్తాయి. కాలు తీసినప్పుడు సున్నా వస్తుంటే ఈ లెక్క వాడొద్దు.

ఆ దారిని కొలవాలంటే బ్యాటరీ నెగెటివ్ తీసి, ఈసీఎం కప్లర్ విప్పి, రెండు చివరల మధ్య కంటిన్యుటీ (వైరు తెగకుండా ఉందా అని) చూడాలి. ఒక ఓమ్ దాటకూడదు, బాడీకి తగలకూడదు. అయితే వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ కూత పెడుతుంది, కాబట్టి వైరు ఊపుతూ చూడండి. ఈసీఎం పిన్నుల నంబర్లు తెలియకుండా ఈ పనికి దిగొద్దు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇప్పటిదాకా రాసిన కాగితం ఇవ్వండి. సగం పని అయిపోయిన బండి వస్తే వాళ్ళకూ సంతోషమే.

10. బ్రేక్ స్విచ్ మర్చిపోకండి

బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకేసారి నొక్కితే చాలా బండ్లలో ఈసీఎం బ్రేక్ మాటే వింటుంది, పికప్ కట్ చేస్తుంది. బ్రేక్ స్విచ్ పాడై నొక్కినట్టే ఉండిపోతే? అచ్చం పెడల్ పోయినట్టే ఉంటుంది, పెడల్ కోడ్ మాత్రం ఉండదు. పి0504 లాంటిది ఉండొచ్చు. లైవ్ డేటాలో బ్రేక్ స్థితి చూడండి, లేదా చీకటి పడ్డాక కాలు తీసేసి వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయేమో గోడ మీద వెలుతురు చూడండి.

ఏది తేలితే ఏం చేయాలి

సరఫరా, ఎర్త్ బాగుండి, వైర్లు ముట్టుకోకపోయినా పెడల్ ఒకే స్థానంలో ప్రతిసారీ సిగ్నల్ తప్పుతుంటే పెడల్ మార్చండి. రెండు సిగ్నళ్ళూ ఒకేసారి పడిపోతుంటే కప్లర్, ఎర్త్, సరఫరా మళ్ళీ చూడండి. ఇద్దరు సాక్షులూ ఒకే క్షణంలో చచ్చిపోవడం అరుదు. వాటర్ వాష్ తర్వాతో, వానలోనో మాత్రమే వస్తే తేమ. గతుకుల్లో మాత్రమే వస్తే పిన్నుల పట్టు.

కొనేముందు ఇంకో దారి ఉంది. అదే మోడల్ బండి ఉన్న స్నేహితుడి పెడల్ అరువు తెచ్చుకోండి. బిగించక్కర్లేదు, కప్లర్‌కు తగిలించి, ఇంజిన్ ఆఫ్‌లోనే చేత్తో నొక్కుతూ గ్రాఫ్ చూడండి. దానితోనూ గీత తప్పితే మీ పెడల్ బాగానే ఉంది.

కొత్తది తెచ్చేటప్పుడు పాతదాని మీది పార్ట్ నంబర్ అక్షరం అక్షరం పోల్చండి. చూడటానికి ఒకేలా ఉన్నా డీజిల్‌కు, పెట్రోల్‌కు, ఆటోమేటిక్‌కు వేరే నంబర్లు ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ పెడల్ కొంటే డబ్బులిచ్చే ముందు 8వ అంచె అక్కడే చేయండి. పాత పెడల్ విప్పి లోపల స్ప్రే కొట్టి మళ్ళీ బిగించే చిట్కా నాకు నచ్చదు. నెల రోజులు నడిచి, నడిరోడ్డు మీద మళ్ళీ ఆపేస్తుంది.

బిగించాక కొన్ని బండ్లకు కొత్త పెడల్‌ను నేర్పాలి. నిస్సాన్ పద్ధతి ఇది: కాలు పూర్తిగా తీసి, తాళం ఆన్ చేసి 2 సెకన్లు, ఆఫ్ చేసి 10 సెకన్లు, మళ్ళీ ఆన్ 2, ఆఫ్ 10. ఆటోమేటిక్‌లలో కిక్‌డౌన్ (పూర్తిగా తొక్కితే కింది గేరుకు మారడం) నేర్పడానికి కొన్నిటికి స్కానర్ కావాలి. మీ బండి సర్వీస్ పుస్తకంలో ఏముందో చూడండి.

పని అయిందని ఎలా నమ్మాలి

కోడ్లు తుడిచి, తాళం ఆన్‌లో ఇరవైసార్లు నెమ్మదిగా నొక్కి వదలండి. గ్రాఫ్ నున్నగా ఉండాలి. వైర్ల కట్టను మళ్ళీ ఊపండి. మ్యాట్‌ను దాని క్లిప్పులకు తగిలించి, పూర్తిగా నొక్కిన పెడల్‌కు తగలట్లేదని చూడండి.

తర్వాత ఖాళీ రోడ్డు మీద ఏసీ వేసుకుని ఇరవై, ముప్పై కిలోమీటర్లు. స్పీడ్ బ్రేకర్లు, గతుకులు ఉన్న దారే ఎంచుకోండి. ఇంటికొచ్చాక పెండింగ్ కోడ్లు చూడండి. లైట్ వెలగకపోయినా మొదటి అనుమానం అక్కడ నమోదై ఉంటుంది. వారం తర్వాత ఇంకోసారి చూడండి, తప్పు వానలోనే వచ్చే రకమైతే ఒక మంచి వాన పడ్డాక కూడా. రాసుకున్న అయిదు స్థానాల వోల్టేజీ కాగితాన్ని డ్యాష్‌బోర్డ్ అరలో ఆర్‌సీ పక్కనే ఉంచండి. ఈసారి ఇదే తంటా వస్తే పోల్చుకోవడానికి మీ బండి అంకెలే మీ దగ్గర ఉంటాయి.